చివరి స్క్రూ బిగించని మావయ్య

ఒక్కస్క్రూ మావయ్య తన జన్మలో ఏ సామానుకీ చివరి స్క్రూ బిగించిన పాపాన పోలేదు. మంచానికి పదహారుంటే పదిహేను బిగిస్తాడు, కుర్చీకి ఎనిమిదుంటే ఏడు. మిగిలిన ఆ ఒక్కదాన్నీ కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో వేసుకుని, "కొత్త చెక్క కదా, కాస్త సర్దుకోవాలి. వారం పోయాక వచ్చి బిగిస్తా" అని చక్కా పోతాడు. మాట తప్పే మనిషి కాదు, వారం పోయాక వస్తాడు. వచ్చి ఆ స్క్రూ బిగిస్తాడు. బిగించి ఇంకోటి విప్పి పట్టుకుపోతాడు. ఇదేం పనయ్యా అంటే, "ఇటు బిగిస్తే అటు లాగుతోంది. చెక్క గుణం" అంటాడు. చెక్కకి నోరుంటే ఎప్పుడో పోలీసు కేసు పెట్టేది.

చుట్టాల్లో, ఒక్క అక్క ఇల్లు తప్పిస్తే, ఆయన చెయ్యి పడిన ఏ ఇంట్లోనూ ఊగని సామాను లేదు. పెద్దత్త ఇంట్లో కుర్చీ ఉంది. అందులో ఎవరు కూర్చున్నా 'కుయ్'మని ఒక చప్పుడొస్తుంది. కూర్చున్నవాళ్ళు అది తమ పనే అని నలుగురూ అనుకుంటారేమోనని బిక్కచచ్చిపోయి, రెండు నిమిషాల్లో ఏదో వంక పెట్టి లేచిపోతారు. "పోనీలే, చుట్టాలు తిష్ట వెయ్యకుండా ఉంటారు" అంటుంది పెద్దత్త. చిన్నతాత మంచం మీద పక్కకి ఒత్తిగిలితే ఎదురింటివాళ్ళకి మెలకువొస్తుంది. "స్క్రూ తక్కువ సామానుకి కాదర్రా, మనిషికి!" అని పెదనాన్న ఇరవై ఏళ్ళుగా ఒకటే జోకు వేస్తాడు, వేసిన ప్రతిసారీ అందరికంటే ముందు తనే నవ్వుతాడు.

తమాషా ఏమిటంటే, ఆయన ఉద్యోగం లిఫ్టుల మెకానిక్కు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన చూసుకునే లిఫ్టు ఒక్కటి కూడా మధ్యలో ఆగిన దాఖలా లేదు. ఆవగింజంత నట్టు వదులైనా రెండు అంతస్తుల కింద నుంచి చెవితో పట్టేస్తాడు.

"లిఫ్టుకి అన్ని నట్లు బిగిస్తావు, నా కుర్చీకి ఎనిమిది బిగించలేవట్రా?" అని పెద్దత్త ఒకసారి గట్టిగానే నిలదీసింది.

"లిఫ్టు మనుషుల్ని మోసుకెళ్ళాలి అత్తా. నీ కుర్చీ ఎక్కడికి పోతుంది చెప్పు?"

పెద్దత్త విసురుగా ఆ కుర్చీలోనే కూలబడింది. కుర్చీ 'కుయ్'మంది.

ఇలాంటి మహానుభావుడి చేతిలో తన భవిష్యత్తు పెట్టింది మేనకోడలు. పెరిగి పెరిగి మనిషి గుమ్మానికి తల తగిలేంత అయింది కాబట్టి ఇంటిల్లిపాదీ ఆ పిల్లని నిచ్చెన అంటారు. పాతికేళ్ళు ఇంకా నిండలేదు. కళ్ళద్దాల షాపులో ఉద్యోగం. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, గాజుబిళ్ళలు మార్చి మార్చి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని పొద్దస్తమానం అడగడం ఆమె పని. అమ్మ ఇంటి నుంచి షాపుకి రెండు బస్సులు మారితే రెండు గంటలు. వచ్చేటప్పుడు ఇంకో రెండు. చూసి చూసి, షాపుకి నాలుగడుగుల్లో మూడో అంతస్తులో ఒకటిన్నర గది అద్దెకి తీసుకుంది. ఆ అర గదిని ఓనరు హాలు అంటాడు. కళ్ళున్నవాళ్ళు గుమ్మం అంటారు.

ఇక్కడ అమ్మ గురించి చెప్పాలి. అమ్మ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఆమె వార్డులో దుప్పటి మీద ముడత కనిపిస్తే పేషెంటు సైతం లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. మందులకి సగం, ఆమె చూపుకి సగం తగ్గుతాయి అక్కడ రోగాలు. నిచ్చెన బడికెళ్ళే రోజుల్లోనే నాన్న పోయాడు. అప్పట్నుంచి ఇంట్లో కుళాయి బిగించినా, కూతురి జడ బిగించినా ఆమే. కూతురు వేరే గది తీసుకుందని తెలియగానే అరవలేదు, ఏడవలేదు. జ్వరం చూసే మొహం పెట్టి షరతు చెప్పింది.

"వచ్చే ఆదివారం నాలుగింటికి వచ్చి చూస్తా. మనిషి కాపురమున్న ఇల్లులా ఉందా, హామీ సంతకం పెడతా. లేదా, పెట్టె సర్దుకుని నా వెనకాలే బస్సెక్కు."

ఆ హామీ సంతకం లేనిదే అగ్రిమెంటు చెల్లదని ఓనరు ముందే చెప్పాడు. తాళాలిచ్చి, ఆదివారం సాయంత్రం దాకా ఉండనిస్తానన్నాడు, సోమవారం పొద్దున ఇంకెవరో తాళాల కోసం వస్తారన్నాడు. నిచ్చెనకి తాడో పేడో ఆ ఆదివారమే.

శుక్రవారం అట్టపెట్టెలు దిగాయి. ఇప్పుడు చవకగా దొరికే సామానంతా ఇలాగే వస్తోంది కదా, చెక్కలు చెక్కలుగా. బిగించుకునే తిప్పలు మనం పడితే సగం ధర. మంచం, బల్ల, పుస్తకాల అర, బట్టల బీరువా. చదువుకున్న పిల్లని, ఈపాటి చేసుకోలేనా అని నిచ్చెన బల్ల పెట్టె విప్పింది. ఏడు చెక్కలు, నలభై మూడు స్క్రూలు, వంకర తిరిగిన ఒక ఇనప కీ, ఒక బొమ్మల కాగితం. కాగితం మీద అక్షరం ముక్క లేదు. ఒక గుండోడు చెక్క పట్టుకుని నవ్వుతున్నాడు, పక్క బొమ్మలో ఆ చెక్క బల్లయిపోయింది, వాడు ఇంకా నవ్వుతున్నాడు. గంటన్నర కుస్తీ పట్టాక నిచ్చెన బల్లకి మూడు కాళ్ళు కిందకీ ఒకటి ఆకాశంలోకీ వచ్చాయి. ఇక గత్యంతరం లేక, తెలిసి తెలిసీ, మావయ్యకి ఫోను కొట్టింది. షరతు సంగతి మాత్రం చెప్పలేదు. పరువు! తన ఇల్లు తనదైపోయినట్టే అందరికీ చెప్పుకుంది మరి.

శనివారం పొద్దున్నే పనిముట్ల పెట్టెతో దిగాడు మావయ్య. వస్తూనే పిల్లని పలకరించలేదు, లిఫ్టుని పలకరించాడు.

"మీ లిఫ్టు రెండో అంతస్తు దగ్గర మూలుగుతోందే నిచ్చెనా. పాపం, దాన్నెవరూ పట్టించుకోవట్లేదు."

"మావయ్యా, ముందు నన్ను పట్టించుకో."

ఆకాశంలోకి చూస్తున్న బల్లకాలిని ఆయన కాసేపు ఆప్యాయంగా చూశాడు. "బావుందే! గొడుగు తగిలించుకోవచ్చు."

మనిషికి పని రాదని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి. బొమ్మల కాగితం వంక ఒక్కసారి చూసి, "ఏంట్రా గుండూ, తమరు చెప్పడం, మేం వినడమా?" అని మడిచి పెట్టెలో పెట్టేశాడు. ఆ తర్వాత చెక్కలు ఆయన మాట విన్నాయి. మధ్యాహ్నానికి మంచం, బల్ల, పుస్తకాల అర లేచి నిలబడ్డాయి. మూడింటి నుంచీ మూడు స్క్రూలు, మూడు పొట్లాలు, మూడూ చొక్కా జేబులోకి.

బీరువా దగ్గర వచ్చింది అసలు తంటా. తలుపులు తగిలించేటప్పుడు లోపల నుంచి ఎవరైనా పట్టుకోవాలన్నాడు. నిచ్చెన నడుము వంచుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని లోపల దూరింది. ఒక తలుపు తగిలించాడు, రెండోదీ తగిలించాడు. తాళం సరిగ్గా పడుతోందా అని తిప్పి చూశాడు. పడింది. తన పనితనానికి తనే మురిసిపోయి, తాళంచెవి జేబులో వేసుకుని, టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

"మావయ్యా!"

"ఆఁ, వస్తున్నానే. పంచదార ఎక్కడ పెట్టావు?"

"మావయ్యా, నేను లోపలున్నా!"

"పంచదార లోపలుందా?"

"నేను! నేనున్నా బీరువాలో!"

ఆయన పరుగెత్తుకొచ్చే లోపే నిచ్చెన భుజంతో తలుపుని ఒక్క తోపు తోసింది. కింది మడతబందు స్క్రూ అప్పటికే ఆయన జేబులో ఉంది కదా, తలుపు పక్కకి జరిగి దారిచ్చింది. జుట్టంతా రంపపు పొట్టుతో బయటపడిన మేనకోడలిని చూసి ఆయన భయపడ్డాడా, బాధపడ్డాడా? అబ్బే.

"చూశావా? అన్నీ బిగించేసి ఉంటే నీ గతేంటి?"

అదీ వరస. అలాంటివాడితో ఏం వాదిస్తాం.

సాయంత్రానికి నాలుగు సామాన్లు, నాలుగు పొట్లాలు. చెప్పులేసుకుంటున్న మావయ్య చొక్కా పట్టుకుంది నిచ్చెన.

"ఆ నాలుగూ బిగించేసి పో మావయ్యా. రేపు అమ్మొస్తోంది."

"వస్తే రానీ. అక్క ఒక అరుపు అరుస్తుంది, అంతేగా. కొత్త చెక్క సర్దుకోవాలే."

"సర్దుకోకపోతే ఏమవుతుంది?"

"అదే, సర్దుకోకపోతే ఎలా?" అని నిమ్మకు నీరెత్తినట్టు లిఫ్టు ఎక్కేశాడు.

తెల్లారగానే నిచ్చెన హార్డువేరు షాపు ముందు నిలబడింది. ఆమె నమూనాకి విప్పి తెచ్చిన మంచం స్క్రూని షాపతను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ సైజు బయట దొరకదమ్మా, ఆ పెట్టెలోనే వస్తుంది. ఏం, పోయాయా?" అన్నాడు.

"పోలేదు. మా మావయ్య జేబులో ఉన్నాయి."

షాపతను ఆమె వంక జాలిగా చూశాడు. ఆ చూపు బట్టి అతనికీ ఎవరో మావయ్య ఉండే ఉంటాడు.

మావయ్య ఫోను ఎత్తడు, ఎందుకంటే ఆదివారం దాన్ని సుత్తుల మధ్య పడేసి మూత పెట్టేస్తాడు. అయినా ఎక్కడుంటాడో నిచ్చెనకే కాదు, చుట్టాలందరికీ తెలుసు. టైలరు తాత ఇంట్లో దారపు ఉండలు పెట్టుకునే అర ఒకటి బిగిస్తున్నాడు. నాలుగేళ్ళుగా. గోడకి కొట్టిన మూడడుగుల అర! ఆ తాత పాత బస్టాండు వెనక రెండు గదుల్లో ఉంటాడు. కాళ్ళు పట్టు తప్పాక కుట్టుమిషను అమ్మేశాడు, కత్తెర మాత్రం వదల్లేదు. వెనకా ముందూ ఎవరూ లేరు. దులిపి పారేద్దామని దారిపొడవునా మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళింది నిచ్చెన. 'నీ చెక్కా, నీ సర్దుకోవడమూ' దగ్గర మొదలెట్టి, 'నీవల్ల నా బతుకు బస్టాండైంది' దగ్గర ఆపాలని నిర్ణయించుకుంది.

తలుపు కొట్టబోతూ కిటికీలోంచి లోపలికి చూసింది. మామూలు మనిషికైతే ఆ కిటికీ అందదు.

మావయ్య అర దగ్గర నిలబడి ఉన్నాడు. తాత కుర్చీలోంచి మెడ చాచి చూస్తున్నాడు.

"అయిందా?" అన్నాడు తాత.

"అయింది తాతా. చివరిది కూడా బిగించేశా."

 తాత ఒళ్ళో చేతులు పెట్టుకుని అర వంక చూశాడు. ఆ ముసలి మొహంలో ఉన్న కాస్త వెలుగూ కిందకి దిగిపోయింది. ఆ గది ఎంత చిన్నదో నిచ్చెనకి అప్పుడు కనిపించింది. మంచం పక్కన నీళ్ళ చెంబు తప్ప ఇంకేమీ లేదు.

"ఆగాగు!" అన్నాడు మావయ్య. "ఈ రెండో చెక్క చూశావా? వాలిపోతోంది."

"వాలిందా!" తాత గొంతు ఖంగుమంది. "నేనెప్పుడో అనుకున్నా! ఒక్క పని చేతకాదు కదరా నీకు! నాలుగేళ్ళు! నాలుగేళ్ళలో నేనైతే ఈ ఊరందరికీ చొక్కాలు కుట్టి బొత్తాలు కూడా వేసేవాణ్ణి!"

"దీని స్క్రూ తియ్యాలి తాతా. చెక్క సర్దుకోవాలి."

"నీ చెక్క సర్దుకునేలోగా నేను మూటాముల్లె సర్దుకుని పైకి పోతాను వెధవా!"

"ఎక్కడికి పోతావు? వచ్చే ఆదివారం నేనొస్తుంటే?" అంటూ స్క్రూ విప్పి, కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకున్నాడు మావయ్య. "ఉండు, టీ పెట్టుకొస్తా. మందులేసుకున్నావా? ఏదీ, పొట్లం చూపించు."

తిట్లు తింటూనే మందులు లెక్కపెట్టి లోపలి గదిలోకి వెళ్ళాడు. ఆయన అటు తిరిగాడో లేదో, తాత కుర్చీలోంచి ముందుకి వంగాడు. పక్కనున్న మంచం మీది దిండు కింద నుంచి కత్తెర తీశాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించేంత శ్రద్ధగా, కత్తెర మొనతో కింది చెక్క స్క్రూని రెండు చుట్లు వదులు చేశాడు. తల ఎత్తితే కిటికీలో నిచ్చెన!

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తాత కత్తెరని మెల్లగా దిండు కిందకి తోసి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఆపైన కన్నుకొట్టాడు. ఎనభై ఏళ్ళ మనిషి!

కూడబలుక్కున్న మాటలు పక్కన పెట్టి, తలుపు మీదికి ఎత్తిన చెయ్యి నిచ్చెన దించేసుకుంది. పెద్దత్త కుర్చీ గుర్తొచ్చింది. పెద్దత్త ఒక్కతే ఉంటుంది. చిన్నతాత మంచం గుర్తొచ్చింది. చిన్నతాతా ఒక్కడే. తన గదివి నాలుగు పొట్లాలు. ఈ ఆరు రోజులూ తను షాపు నుంచి వచ్చి కుళాయితో, గోడతో మాట్లాడుకుందని ఆయనకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పి ఉండరు. అడిగితే ఆ నాలుగూ ఈ క్షణమే ఇచ్చేస్తాడు. ఇచ్చేశాక మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వస్తాడు? స్క్రూలిచ్చెయ్ అంటే ఇంక రావొద్దని చెప్పినట్టేగా. ఆమెకి మనసొప్పలేదు. అమ్మ సంగతి అమ్మతోనే తేల్చుకుందామని ఉత్త చేతులతో వెనక్కి తిరిగింది.

నాలుగింటికి అమ్మ వచ్చింది. అంటే నాలుగింటికి తలుపు కొట్టింది. మూడున్నర నుంచే కింద వీధిలో చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉండటం నిచ్చెన బాల్కనీలోంచి చూసింది.

అమ్మ లోపలికొస్తూనే తనిఖీ మొదలెట్టింది. కుళాయి తిప్పింది, కిటికీ గడియ చూసింది, పరుపు మూలలు లాగింది. మంచం 'కిర్ర్'మంది.

"ఏంటిది?"

"కొత్త చెక్క కదమ్మా, సర్దుకోవాలి."

"ఇది నా తమ్ముడి గొంతులా ఉందే" అని అమ్మ బల్ల మీద చెయ్యి ఆనించింది. బల్ల మర్యాదగా కుడివైపు ఒరిగింది. పుస్తకాల అర వంక ఊరికే చూసింది, ఆ చూపుకే అది వణికింది. బీరువా తలుపు తెరిస్తే అది తెరుచుకోకుండా చేతిలోకి వచ్చింది. తలుపు చేత్తో పట్టుకుని, వార్డులో ట్రే పట్టుకున్నట్టు, అమ్మ కూతురి వంక చూసింది.

"పెట్టె సర్దు."

"అమ్మా, బల్ల ఊగితే ఏమైందమ్మా!"

"బల్ల గురించి కాదే నా బాధ." అమ్మ గొంతు మొదటిసారి కాస్త తగ్గింది. "నీకు జ్వరమొస్తే ఇక్కడ తలుపు కొట్టేదెవరు? ఉన్నావా పోయావా అని చూసేదెవరు? రోజూ చూస్తున్నాను నేను, ఎవరూ లేకుండా వచ్చి పడుకునేవాళ్ళని. నావల్ల కాదు. సర్దు."

కూతురు బల్ల మీద పెట్టి ఉంచిన అగ్రిమెంటు కాగితం మడిచి సంచీలో పెట్టేసుకుంది. నిచ్చెన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే మావయ్య వగరుస్తూ వచ్చి పడ్డాడు. తాత చెప్పాడట, "నీ మేనకోడలు వచ్చి కిటికీలోంచి చూసి, ఏడుపు మొహంతో పోయిందిరా" అని. లిఫ్టు మెకానిక్కు లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులు మెట్లెక్కి వచ్చాడు.

"ఏమైందే?"

"ఏమీ కాలేదు" అంది అమ్మ. "నీ పనితనం చూసి దీన్ని మా ఇంటికి తీసుకుపోతున్నా. సంతకం పెడదామనే వచ్చా. కుదరదు."

"సంతకమా? ఏం సంతకం? నాకు చెప్పలేదేమే?" నిచ్చెన రెండు ముక్కల్లో షరతు చెప్పగానే ఆయన మొహం పాలిపోయింది.  జేబులోంచి పొట్లాలు తీశాడు, బల్ల కింద దూరాడు, మంచం కింద దూరాడు. పావుగంట. లేచి చేతులు దులుపుకున్నాడు.

అమ్మ మంచాన్ని ఊపింది. కదల్లేదు. బల్లనీ, అరనీ ఊపింది. బీరువా తలుపు పట్టుకుని వేళ్ళాడినంత పని చేసింది. గోడ ఊగుతుందేమో గానీ అది ఊగదు.

"అంటే నీకు పని వచ్చన్నమాట!" అమ్మ నేరం పట్టుకున్నట్టు అంది. "వచ్చుండే ఇరవై ఏళ్ళుగా అందరి కొంపల్నీ ఊయల చేశావా! ఎందుకురా?"

మావయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.  నిచ్చెన చెప్పేసింది. తాత, అర, పొట్లం, కత్తెర, అంతా.

"కత్తెరా?" మావయ్య ఉలిక్కిపడ్డాడు. "కింది చెక్కదా? ఓరి ముసలాడా! ఆ స్క్రూ నేనెప్పుడూ ముట్టుకోలేదు, వారం వారం ఎలా వదులవుతోందా అని నాలుగేళ్ళుగా జుట్టు పీక్కుంటున్నా!"

నిచ్చెన పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు.

"చూడాలనిపిస్తే ఊరికే వెళ్ళి చూడొచ్చుగా. దానికి స్క్రూ ఎందుకు?"

"ఊరికే వెళ్తే జాలిపడి వచ్చాడనుకుంటారక్కా. మొహం మాడ్చుకుని, 'బానే ఉన్నా, నాకేం లోటు' అంటారు. పని చెడగొట్టినవాడొచ్చాడంటే నోరారా తిడతారు. తిట్టి తిట్టి ఆకలేసి రెండు ముద్దలు ఎక్కువ తింటారు. నాకూ ఇంటికెళ్తే తిట్టేవాళ్ళెవరున్నారు చెప్పు?"

అమ్మ కిటికీ దగ్గరికి పోయి, ఇందాక చూసిన గడియే మళ్ళీ చూసింది. ముక్కు ఎగబీల్చి ఇటు తిరిగింది.

"ఇప్పుడు ఇక్కడన్నీ బిగించేశావుగా?"

"ఒక్కటి కూడా వదల్లేదక్కా. ఒట్టు."

"అయితే వచ్చే శనివారం దీన్ని చూడటానికి ఏ వంకతో వస్తావు?"

మావయ్య చొక్కా జేబు తడుముకున్నాడు.

"ఆ బల్లది ఒకటి విప్పు."

"అక్కా?"

"విప్పమన్నానా! విప్పి జేబులో వేసుకో. అప్పుడే సంతకం."

ఆయన విప్పాడు. అమ్మ కాగితం బల్ల మీద పరిచి సంతకం పెట్టింది. బల్ల ఊగి అందులో సగం పేరు గజిబిజి గీతలై కొండెక్కింది, ఓనరు తర్వాత అది చూసి, మీ అమ్మగారు డాక్టరా అని అడిగాడు. నిచ్చెన వెనక నుంచి వచ్చి అమ్మని చుట్టేసుకుంది. "చాల్లే, ముందు ఆ దుప్పటి మడత సరిచెయ్" అని విదిలించుకుంది అమ్మ, కానీ కాస్త ఆలస్యంగా విదిలించుకుంది.

చెప్పులేసుకుంటూ, తమ్ముడి వంక చూడకుండా అడిగింది. "ఎన్ని ఇళ్ళురా నీవి?"

"దీంతో పన్నెండక్కా."

"అందులో మా ఇల్లు లేదేం?"

"మీ ఇంట్లో నాకేం మిగిల్చావు? ఎనిమిదేళ్ళ కిందట డైనింగు బల్ల బిగించి ఒక స్క్రూ పట్టుకెళ్ళానా, నువ్వు మర్నాటికల్లా ఆసుపత్రి మంచం స్క్రూ తెచ్చి బిగించేశావు. ఇక నేనెలా రాను?"

అమ్మ లిఫ్టు దాకా నడిచింది. బొత్తాం నొక్కింది. లిఫ్టు మూలుక్కుంటూ పైకి వస్తోంది.

"బుధవారం నాకు సెలవు. వచ్చి ఆ డైనింగు బల్ల సంగతి చూడు."

"దానికేమైందక్కా? నువ్వు బిగించాక ఏనుగెక్కినా కదలదే అది."

"కదలదు. అందుకే రమ్మంటున్నా" అని అమ్మ లిఫ్టులోకి వెళ్ళి, తలుపు మూసుకునేలోగా, "పొద్దున్నే రా, చాలా గట్టిగా బిగించాను" అంది.